పసిపిల్లలతో నగర యాత్ర – గంటల లెక్క

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడుతున్నాయంటే పత్రికల్లో యాత్రా పేజీలు కళకళలాడతాయి. ‘మూడు రోజుల్లో ఫలానా నగరం’, ‘తక్కువ ఖర్చుతో కుటుంబ యాత్ర’ అని శీర్షికలు పెడతారు. వాటిలో కుటుంబం అంటే ఎందుకో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, చెప్పిన మాట వినే వయసున్న ఇద్దరు పిల్లలు. ఏడాది దాటి మూడేళ్లు నిండని బుడతలున్న ఇళ్లకు ఆ ప్లాన్లు పనికిరావు. పైగా వాటిని నమ్మి ముందే కొన్న పాసులు, ఊరి చివర చవగ్గా దొరికిన గది కలిసి ఖర్చు పెంచుతాయి. ఎందుకు పెంచుతాయో, ఎలా తగ్గించుకోవచ్చో కాస్త వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది, మన్నించాలి.

ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడేళ్లు వచ్చాకే అది 10 నుంచి 13 గంటలకు దిగుతుంది. ఏడాదిన్నర దాటిన పిల్లలు చాలామంది మధ్యాహ్నం ఒక్కసారే పడుకుంటారు, గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా. అంటే పొద్దున తినిపించి, తయారుచేసి గది తలుపు మూసేసరికి ఎనిమిదిన్నర. పన్నెండుకల్లా మళ్లీ గదిలో ఉండాలి. నిద్ర లేచి, ఏదో తిని, మూడున్నరకు బయటపడితే ఆరింటికల్లా తిరిగి రావాలి. ఆ తర్వాత బయట ఉంటే పిల్లకూ సుఖం ఉండదు, పక్క టేబుల్ వాళ్లకూ ఉండదు. మొత్తం కలిపితే రోజుకు ఆరు గంటలు. బడ్జెట్ ఎంతదైనా ఈ ఆరు గంటలు పెరగవు.

ఇప్పుడు గది ఎంత దూరంలో ఉందో చూడండి. మధ్యాహ్నం నిద్రకు వెనక్కి రావాలి కాబట్టి రోజుకు నాలుగు ప్రయాణాలు. చూడదలచుకున్న ప్రాంతానికి గది 45 నిమిషాల దూరంలో ఉంటే దారిలోనే మూడు గంటలు పోతాయి, నగరంలో గడిపేది మూడు గంటలే. అదే 15 నిమిషాల దూరమైతే దారికి గంట, చూడటానికి ఐదు గంటలు. రెండు గదులను పోల్చేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి. ఒక రోజు అద్దెకు, టికెట్ పడే మనుషుల సంఖ్యను నాలుగుతో, ఒక వైపు ఛార్జీతో హెచ్చవేసి కలపండి. దూరపు గదికైతే రోజుకు ఒక టాక్సీ కూడా వేయండి. ఎందుకంటే ఆరింటికి, ఆఫీసులు వదిలే వేళ కిక్కిరిసిన రైల్లో ఏడుస్తున్న పిల్లతో ఎవరూ నిలబడరు, టాక్సీ పిలుస్తారు. ఈ మొత్తాన్ని దగ్గరి గదికి ఐదుతో, దూరపు గదికి మూడుతో భాగిస్తే గంటకు పడే ఖర్చు తేలుతుంది. దూరపు గది నిజంగా చవగ్గా తేలేది ఎప్పుడో గానీ జరగదు. తేలినా, దాని పక్కనే మంచి పార్కు ఉంటే తప్ప నేను దాన్ని సిఫారసు చేయను.

స్ట్రోలర్లోనే, అంటే పిల్లను కూర్చోబెట్టి తోసే బండిలోనే పడుకోబెడితే గదికి రావాల్సిన పని ఏముందని అడుగుతారు. ఒక రోజుకు చెల్లుతుంది. రోడ్డు చప్పుడుకు, కుదుపులకు చాలామంది పిల్లలు అరగంటకో ముప్పావు గంటకో లేచిపోతారు. రెండో రోజుకు నిద్ర బాకీ పెరిగి, రాత్రి ఇంకా ఆలస్యంగా పడుకుంటారు, తెల్లవారుజామున ఇంకా ముందు లేస్తారు. బాగా అలిసిన పిల్ల హాయిగా పడుకుంటుందనుకోవడం పెద్దల భ్రమ.

రాత్రుల సంఖ్య విషయంలోనూ ఇదే లెక్క. రెండు రాత్రుల యాత్రలో దిగిన రోజు సాయంత్రం రెండు గంటలు, నిండు రోజు ఒకటి (దగ్గరి గదైతే ఐదు గంటలు), బయల్దేరే పొద్దున రెండు గంటలు, అంతా కలిపి తొమ్మిది గంటలు చేతికొస్తాయి. నాలుగు రాత్రులైతే పందొమ్మిది. గది అద్దె రెట్టింపయింది, రానుపోను ఛార్జీ మాత్రం మారలేదు, గంటలు రెట్టింపు దాటాయి. అద్దె అపార్ట్‌మెంట్లలో శుభ్రం చేసే రుసుము సాధారణంగా ఎన్ని రాత్రులున్నా ఒక్కసారే వేస్తారు, కాబట్టి అక్కడ రెండు రాత్రులుంటే నష్టమే. అందుకే ఏడాదికి రెండు మూడు చిన్న యాత్రల కంటే నాలుగైదు రాత్రుల యాత్ర ఒకటి మేలు. బడి మొదలుకాని పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. బడులు నడుస్తున్న రోజుల్లో వెళ్లొచ్చు, ఛార్జీలూ రద్దీ రెండూ తక్కువ. ఆఫీసులు ఎక్కువగా ఉన్న వీధుల్లోని హోటళ్లు వారాంతంలో ఖాళీ అయి ధర తగ్గిస్తాయి. పర్యాటకులు దిగే వీధుల్లో సరిగ్గా తలకిందులు. నాలుగు రాత్రుల్లో రెండు వారాంతంలో, రెండు మామూలు రోజుల్లో పడితే గది మారాలనిపిస్తుంది. మారకండి. సామాను సర్దడానికి, కొత్తచోట పిల్లను పడుకోబెట్టడానికి ఒక పూట పోతుంది.

విమానంలో వెళ్లేవాళ్లు పుట్టినతేదీ ఒకసారి చూసుకోవాలి. రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సీటు కొనక్కర్లేదు. కానీ చూసేది బుక్ చేసిన రోజు వయసును కాదు, ప్రయాణం చేసే రోజు వయసును. యాత్ర మధ్యలో రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. కౌంటర్ దగ్గర తెలిస్తే ఆ క్షణాన ఉన్న ధరకే కొనాలి. వయసు రుజువు కాగితం అసలుది చేతి సంచిలో ఉండాలి. మెట్రోల్లో, మ్యూజియాల్లో కూడా పసిపిల్లలకు టికెట్ ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల వయసు చూస్తారు, కొన్నిచోట్ల ఎత్తు కొలుస్తారు. ఇక అన్నిటికంటే చవకైన టికెట్ తరచుగా వేకువ నాలుగింటికి దించే విమానానిదో రైలుదో అయి ఉంటుంది. హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు. మధ్యలో ఉన్న పది గంటలూ నిద్రలేని పిల్లతో వెయిటింగ్ హాల్లో గడపలేక ముందు రాత్రికి కూడా అద్దె కడతారు. టికెట్‌లో మిగిలింది అక్కడికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు లోపు దిగే టికెట్ కాస్త ఎక్కువైనా తీసుకోవడం నయం. దిగేటప్పుడు చెవినొప్పితో ఏడుస్తారు కాబట్టి, విమానం కిందికి రావడం మొదలుపెట్టగానే నీళ్లో పాలో గుటకలు వేయించాలి. చక్రాలు నేలను తాకబోయే ముందు ఇస్తే ఆలస్యమైపోతుంది. కాలమానం తేడా రెండు మూడు గంటల లోపైతే, నాలుగు రోజులకు పిల్ల గడియారాన్ని మార్చకుండా ఇంటి వేళలే నడిపించవచ్చు. అంతకు మించితే రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంటారు.

గదిలో ఏముండాలి? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం మధ్యలో ఒక తలుపు. ఒకే గది తీసుకుంటే పిల్ల ఎనిమిదింటికి పడుకున్నాక అమ్మానాన్నలిద్దరూ దీపం ఆర్పుకొని చీకట్లో కూర్చోవాలి, లేదా బాత్రూమ్ అంచున కూర్చొని గుసగుసలాడుకోవాలి. పడకగది వేరుగా ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ దొరికితే ఈత కొలను, జిమ్ ఉన్న హోటల్‌ను వదులుకోవచ్చు. ఫ్రిజ్, బట్టలు ఉతికే మిషన్ ఉంటే సామాను సగమవుతుంది.

బుక్ చేసే ముందు ఫోన్లోనో మెసేజ్‌లోనో అడగాల్సినవి ఉన్నాయి. గది ఎన్నో అంతస్తు, లిఫ్టులో స్ట్రోలర్ మడవకుండా పడుతుందా, లిఫ్టు దాకా మెట్లున్నాయా? వీధి గుమ్మం దగ్గర మూడు మెట్లున్నా రోజుకు నాలుగుసార్లు మోయాలి. కిటికీ ఎంత తెరుచుకుంటుంది, బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత? 10 సెంటీమీటర్లు దాటితే ఆ బాల్కనీ ఉన్నన్నాళ్లూ తాళం వేసి ఉంచాల్సిందే. తొట్టి మంచం ఇస్తామంటే దాని ఫొటో పంపమనాలి. కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు, పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండకూడదు. తొట్టి మంచం లేకపోతే పెద్ద మంచాన్ని గోడకు ఆనించి లోపలివైపు పడుకోబెట్టడం చాలామంది చేసే పని. అది ప్రమాదం. పరుపు జరిగి గోడకూ దానికీ మధ్య సందు ఏర్పడి పిల్ల అందులో ఇరుక్కుంటుంది. గట్టి పరుపు ఒకటి నేల మీద, గోడకు దూరంగా వేసుకోవడం మంచిది.

గదిలోకి అడుగుపెట్టాక సూట్‌కేసు విప్పకముందే పది నిమిషాలు మోకాళ్ల మీద తిరగాలి, పిల్ల కంటి ఎత్తు నుంచి గది వేరేగా కనిపిస్తుంది. మంచం కింద పాత అతిథుల మాత్రలు, నాణేలు, రిమోట్‌లో వదులుగా ఉన్న బటన్ బ్యాటరీ (గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) దొరకొచ్చు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది, మింగారన్న అనుమానం వచ్చినా నేరుగా ఆసుపత్రికే. కెటిల్ తీగ బల్ల అంచు నుంచి వేలాడుతోందా, కర్టెన్ తాడు అందుతోందా, టీవీ లాగితే పడేలా ఉందా చూడాలి. అందేవన్నీ ఎత్తులో పెట్టేయాలి. కుళాయి వేడినీళ్లు ఇంటి నీళ్లకంటే చాలా వేడిగా రావొచ్చు. 60 డిగ్రీల నీళ్లు పసిపిల్లల చర్మాన్ని కాల్చడానికి కొన్ని సెకన్లు చాలు. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలిపి, మోచేత్తో చూసుకొని అప్పుడు దించాలి. గది చీకటిగా లేకపోతే ఐదింటికే తెల్లారుతుంది. కిటికీకి అంటించడానికి నల్లటి చెత్త సంచులు రెండు, ఊడదీస్తే మరక పడని టేపు ఒకటి వెంట ఉంటే సరి. సంచులు మాత్రం పిల్లకు అందని ఎత్తులో అతికించాలి.

ఇక చూడటం. రోజుకు టికెట్ కొనే చోటు ఒకటే, అదీ పొద్దుటి పూట, తెరవగానే ఉండే మొదటి స్లాటులో. మధ్యాహ్నం పూటకు టికెట్ ముందుగా కొనకండి, నిద్ర ఎప్పుడు తెమిలేదీ ఎవరికీ తెలియదు. కొనక తప్పకపోతే ముందు రోజు దాకా రద్దు చేసుకోగలిగేదే కొనండి. ఒకే పాసుతో పాతిక చోట్లు చూపిస్తామనే సిటీ పాసులు గిట్టాలంటే రోజుకు మూడు నాలుగు చోట్లు చూడాలి, మనం చూసేది ఒకటి. తప్పకుండా వెళ్తామనుకున్న వాటి విడి టికెట్ల ధర కూడి, పాసు ధర పక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. ప్రయాణాల డే పాసుకూ అంతే. దాని ధర నాలుగు విడి టికెట్ల కంటే ఎక్కువైతే వద్దు. ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కి దిగే టూరిస్టు బస్సుల్లో ఎదురుచూపులే ఎక్కువ. ఎత్తయిన టవర్లకు క్యూ పొడవు, పైకి వెళ్లాక పిట్టగోడ పిల్ల తల కంటే ఎత్తు, చూసేది గోడనే.

అక్వేరియం ఈ వయసుకు బాగా గిట్టుబాటు. అద్దం నేల దాకా ఉంటుంది, చేపలు కళ్ల ముందే కదులుతాయి, చల్లగా ఉంటుంది. జూలో మ్యాపు చూసి గేటుకు దగ్గరగా ఉన్న నాలుగు జంతువులు ఎంచుకోండి, మిగతావి వదిలేయండి. మ్యూజియంలో ఒక్క హాలు, ముప్పావు గంట. ప్రవేశం ఉచితమైన మ్యూజియాలున్న నగరంలో అదే మ్యూజియానికి రెండుసార్లు వెళ్లొచ్చు, ముప్పావు గంటకే బయటికొచ్చామన్న బాధ ఉండదు. సాయంత్రాలకు డబ్బు అక్కర్లేదు. మెట్రో మొదటి పెట్టె ముందు అద్దం, పడవల రేవు, నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు, గ్రంథాలయంలో పిల్లల విభాగం, క్రేన్ తిరుగుతున్న కట్టడం, వీటిని మించిన వినోదం రెండేళ్లవాళ్లకు లేదు. రైలు పట్టాల పైనున్న నడక వంతెన ఒకటి కనిపెడితే రెండు సాయంత్రాలు గడిచిపోతాయి. వాన వస్తే వెళ్లడానికి గదికి పావుగంట దూరంలో పైకప్పున్న చోటు ఒకటి బయల్దేరకముందే చూసి పెట్టుకోవాలి.

స్ట్రోలర్ ఏడెనిమిది కిలోలు మించకుండా, ఒంటిచేత్తో మడతపడేలా, వెనక్కి వాలేలా ఉండాలి. గొడుగులా ముడుచుకునే చవక రకాల్లో చాలా వాటికి వీపు వాలదు. పిడికి బరువైన సంచి తగిలిస్తే పిల్ల దిగగానే బండి వెనక్కి బోల్తా కొడుతుంది, సామాను సీటు కింది బుట్టలోనే పెట్టాలి. ఎండకని పైన గుడ్డ కప్పితే లోపల గాలి ఆడక వేడెక్కిపోతుంది, గొడుగు వాడండి. ఎస్కలేటర్ మీదికి స్ట్రోలర్ ఎక్కించవద్దు. స్టేషన్‌లో లిఫ్టు ఉందా అన్నది చాలదు, ఏ గేటు దగ్గర ఉందో, ఇవాళ పనిచేస్తోందో చూసుకోవాలి. తప్పు గేటులోంచి బయటికొస్తే ఆరు వరసల రోడ్డు అవతల తేలుతారు. పెద్దలకు పది నిమిషాల నడక, పిల్ల తన కాళ్ల మీద నడిస్తే అరగంట. ఆ అరగంట కూడా సరదా కిందే లెక్క, తొందరపెట్టనక్కర్లేదు.

తిండికి రోజుకు ఒక్క పూట హోటల్ చాలు, అదీ రద్దీకి ముందు పదకొండున్నరకు. రాత్రి పూట వంట వచ్చేదాకా ఆగే ఓపిక పిల్లకుండదు. మిగతా రెండు పూటలూ పండ్లు, బ్రెడ్డు, పెరుగు, గుడ్లతో గదిలో నడిపించవచ్చు. పాలు, వండినవి బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ద్రాక్షపండు నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, అడ్డంగా కోస్తే గొంతుకు అడ్డం పడుతుంది. డైపర్లు ప్రయాణపు రోజుకు రెండు గంటలకొకటి చొప్పున, ఆలస్యానికి ఇంకో మూడు, పైన ఒక రోజుకు సరిపడా ఉంటే చాలు. మిగిలినవి అక్కడే కొనుక్కోవచ్చు. సైజు అంకె కంపెనీ కంపెనీకీ మారుతుంది, ప్యాకెట్ మీద రాసిన కిలోలు చూడాలి. చేతి సంచిలో పిల్లకు రెండు జతలు, ఎత్తుకునేవాళ్లకు ఒక చొక్కా.

మందుల సంచిలో థర్మామీటర్, ఓఆర్‌ఎస్, జ్వరం మందు. పారాసెటమాల్ డ్రాప్స్‌లో, సిరప్‌లో ఒక్కో మిల్లీలీటరుకు ఉండే మందు ఒకేలా ఉండదు. బయల్దేరే ముందు మీ డాక్టరుతో బిడ్డ బరువును బట్టి, ఆ సీసాకే ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొన్ని నీళ్లు అని ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు మోతాదు తప్పుతుంది. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

తప్పిపోవడం గురించి ఒక మాట. పొద్దున గది దాటే ముందు ఆ రోజు బట్టలతో పిల్ల ఫొటో ఒకటి తీయాలి. ఆ కంగారులో చొక్కా రంగు ఎవరికీ గుర్తురాదు. ముంజేతి మీద ఫోన్ నంబరు రాసి పైన పారదర్శకమైన టేపు అంటించాలి. మెట్రో తలుపు మూసుకుపోయి ఇద్దరు పెద్దలూ విడిపోతే, రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, ప్లాట్‌ఫామ్ మీద మిగిలినవాళ్లు తర్వాతి రైలెక్కి రావాలి. ఇది మొదటి రోజే అనుకోకపోతే ఇద్దరూ ఎదురెదురు రైళ్లెక్కుతారు.

మీ యాత్రా పేజీకి నా కోరిక చిన్నది. ఒక నగరం గురించి రాసినప్పుడు చివర నాలుగు పంక్తుల పెట్టె ఒకటి వేయండి. ప్రతి చోటూ తెరిచే వేళ, దగ్గరి స్టేషన్‌లో లిఫ్టున్న గేటు, డైపర్ మార్చే గది ఉందా లేదా, టికెట్ రద్దు చేస్తే డబ్బు ఎప్పటిదాకా వాపసిస్తారు. చూడాల్సిన పదిహేను ప్రదేశాల్లో పది తీసేసైనా సరే, ఆ పెట్టెకు చోటివ్వండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు